కాటా గది తెరలు: రిజల్యూషన్, రిఫ్రెష్ రేటులను ప్రోగ్రాముతోనే మార్చే పని డైరీ

ముందున్న స్థితి

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు దగ్గరి ఒక రైసు మిల్లు కాటా గదిలో జరిగిన పని ఇది. ఇదే తరహా ఏర్పాటు కావాలనుకునేవారు దీన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకోవచ్చు. ఎక్కడెక్కడ పని చెడిందో తెలిస్తే వారికి సమయం కలిసివస్తుంది కనుక విఫలమైన దశలనే ఎక్కువగా రాస్తున్నాను.

కాటా గదిలో ఒక యంత్రానికి, అంటే కంప్యూటర్‌కు, రెండు తెరలు ఉన్నాయి. లోపల గుమస్తా గారి ముందు 22 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్, 1920×1080 రిజల్యూషన్ (అడ్డంగా, నిలువుగా ఉన్న చుక్కల, అంటే పిక్సెళ్ళ, సంఖ్య), వీజీఏ తీగతో ఉంది. బయట లారీ డ్రైవర్లకు తూకం కనిపించడానికి 32 అంగుళాల టీవీ, హెచ్‌డీఎంఐ తీగతో ఉంది. తూకం ప్రోగ్రాము చాలా పాతది. దాని ఫారం 800×600 కొలతకే గీసినది కావడంతో 1920×1080 తెర మీద ఒక మూలకు ఒదిగిపోతుంది, అంకెలు కళ్ళకు ఆనవు. విండోస్‌లోని స్కేలింగు పెంచి చూస్తే అక్షరాలు మసకబారాయి, రెండు బటన్లు ఫారం అంచు దాటిపోయాయి. అందువల్ల తూకం ప్రోగ్రాము తెరిచినప్పుడు మాత్రం రిజల్యూషన్ తగ్గించి, మూసినప్పుడు తిరిగి పెంచే చిన్న ప్రోగ్రాము సి భాషలో రాయవలసి వచ్చింది.

నియమం ఒక్కటే. దాళ్వా (రెండో పంట) ధాన్యం వచ్చే రోజుల్లో ట్రాక్టర్లు కాలువ గట్టు దాకా బారులు తీరుతాయి. ఆ వేళ తెర నల్లబడి కాటా ఆగిపోకూడదు. ఏ మార్పు చేసినా, దాన్ని ఒక మనిషి కంటితో చూసి ఔనని చెప్పేదాకా అది తాత్కాలికంగానే ఉండాలి.

దశ 1: జాబితా తయారీ

విండోస్‌లో ఎన్యూమ్‌డిస్‌ప్లేసెట్టింగ్స్ అనే ఫంక్షను ఒక తెరకు సాధ్యమైన మోడ్‌లను ఒక్కొక్కటిగా ఇస్తుంది. మోడ్ అంటే వెడల్పు, ఎత్తు, రంగుల బిట్లు, రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు గీయబడుతుందో, హెర్ట్జ్‌లలో) కలిసిన ఒక వరుస. ఈ వివరాలన్నీ డెవ్‌మోడ్ అనే నిర్మాణంలో వస్తాయి. పిలిచే ముందు అందులోని డీఎంసైజ్ గడిని తప్పక నింపాలి. మార్చేటప్పుడు ఏ గడులను పట్టించుకోవాలో డీఎంఫీల్డ్స్‌లో చెప్పాలి. అక్కడ రిఫ్రెష్ రేటు బిట్టు పెట్టకపోతే మనం 75 అని రాసినా దాన్ని లెక్కలోకి తీసుకోదు, తనకు తోచిన రేటు పెట్టుకుంటుంది.

లోపలి మానిటర్‌కు జల్లెడ ఇలా సాగింది.

1. గ్రాఫిక్స్ కార్డు ఇవ్వగలిగినవన్నీ, అంటే మానిటర్‌తో నిమిత్తం లేని ముడి జాబితా: 112.
2. మానిటర్ కూడా ఒప్పుకున్నవి: 70.
3. 32 బిట్ల రంగు ఉండి, ఇంటర్‌లేస్ కానివి: 31.
4. 16:9 నిష్పత్తి ఉన్నవి: 6.

ఇంటర్‌లేస్ మోడ్‌లను తీసివేయడానికి కారణం తెలుగు అక్షరాలే. ఆ మోడ్‌లో తెర ఒకసారి సరి గీతలను, మరోసారి బేసి గీతలను గీస్తుంది. టీవీ మీద 1080 ఇంటర్‌లేస్ పెట్టి చూస్తే సన్నని తలకట్లు ఆగకుండా అదిరాయి, ఒత్తులు విడివిడిగా తెలియలేదు. 16:9కే పరిమితం కావడం కూడా చదువుకోవడానికి వీలుగా ఉండాలనే. 800×600ను ఈ వెడల్పు తెర నిండా సాగదీస్తే సున్నా అడ్డంగా కోడిగుడ్డులా కనిపిస్తుంది. 1280×720 తీసుకుంటే నిష్పత్తి చెడదు, 800×600 ఫారం పూర్తిగా ఇమడుతుంది, ప్రతి అక్షరం 1920×1080లో కంటే ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుంది.

ఇప్పటివరకు లెక్క: మిగిలిన మోడ్‌లు 6. ఖర్చు 0.

దశ 2: పరీక్ష నెగ్గిన మోడ్, ఏమీ కనిపించని తెర

చేంజ్‌డిస్‌ప్లేసెట్టింగ్స్‌ఎక్స్ అనే, మోడ్‌ను మార్చే ఫంక్షనుకు సీడీఎస్ టెస్ట్ అనే జెండా (ఏ తీరున పనిచేయాలో చెప్పే గుర్తు) ఇస్తే తెరను మార్చదు, ఈ మోడ్ సాధ్యమా కాదా అన్నది మాత్రం చెబుతుంది. 0 వస్తే సరే. మైనస్ 2 వస్తే ఆ మోడ్ పనికిరాదు. మైనస్ 5 వస్తే మనం పంపిన వివరాల్లో లోపం ఉన్నట్టు. 1 వస్తే యంత్రాన్ని మళ్ళీ స్టార్ట్ చేస్తే తప్ప కుదరదని అర్థం. 1 వచ్చిన మోడ్‌లను నేను పూర్తిగా వదిలేశాను, ఎందుకంటే స్టార్ట్ చేశాక ఏమవుతుందో చూసి వెనక్కి తిప్పడానికి అప్పటికి మన ప్రోగ్రాము నడుస్తూ ఉండదు.

70 మోడ్‌ల జాబితాలో అనుమానంగా తోచిన 1280×1024, 85 హెర్ట్జ్‌ను కావాలనే పరీక్షకు పెట్టాను. పరీక్షలో 0 వచ్చింది, నిజంగా మార్చినప్పుడు కూడా 0 వచ్చింది, మానిటర్ మాత్రం "అవుట్ ఆఫ్ రేంజ్" అనే పెట్టె చూపించి నల్లబడింది. ప్రోగ్రాము దృష్టిలో అంతా సవ్యంగా జరిగినట్టే లెక్క.

లెక్క కట్టి చూస్తే కారణం తెలిసింది. ఆ మోడ్ పిక్సెల్ క్లాకు (సెకనుకు పంపే పిక్సెళ్ళ లెక్క) 157.5 మెగాహెర్ట్జ్, కనిపించని అంచులతో కలిపి ఒక గీతలో 1728 పిక్సెళ్ళు. భాగిస్తే సెకనుకు దాదాపు 91,100 గీతలు, అంటే 91.1 కిలోహెర్ట్జ్ వస్తుంది. మానిటర్ పుస్తకంలో గరిష్ఠం 83 కిలోహెర్ట్జ్, 75 హెర్ట్జ్ అని ఉంది. మానిటర్ ఒప్పుకోని మోడ్ "మానిటర్ ఒప్పుకున్నవి" అనే జాబితాలోకి ఎలా వచ్చిందో వెతకగా, డివైస్ మేనేజర్‌లో దాని పేరు "జెనెరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్" అని కనిపించింది.

మానిటర్ తన సామర్థ్యాన్ని ఈడీఐడీ అనే 128 బైట్ల పట్టికలో రాసుకుంటుంది. వీజీఏ తీగలో 12వ పిన్ను, 15వ పిన్ను దాన్ని యంత్రానికి చేరవేస్తాయి. ఆ పట్టిక అందకపోతే విండోస్ ఊహించి జాబితా ఇస్తుంది. తీగ విప్పి చూస్తే పిన్నుల మీద ఊక దుమ్ము, చెమ్మ కలిసి పచ్చగా పట్టి ఉంది. స్పిరిట్‌తో తుడిచినా పట్టిక రాలేదు. మల్టీమీటర్‌తో చూస్తే 15వ పిన్నులో ఈ చివరి నుంచి ఆ చివరికి కలయిక లేదు. బొమ్మకు కావలసిన పిన్నులన్నీ బాగానే ఉన్నందున ఇన్నాళ్ళూ లోపం ఎవరికీ తెలియలేదు. డెల్టా గాలిలో, అందులోనూ మిల్లు గాలిలో, తెర మీద బొమ్మ రావడం ఒక్కటే తీగ బాగుందనడానికి సరిపోదు.

తీగ మార్చాక చేసిన తనిఖీ ఇది.

1. విండోస్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులను దాచుకునే చోట) డిస్‌ప్లే పరికరాల కింద ఉన్న ఈడీఐడీ గడిని చదవాలి.
2. మొదటి 8 బైట్లు వరుసగా 0, ఆరు 255లు, మళ్ళీ 0 ఉండాలి.
3. మొత్తం 128 బైట్లను కూడితే వచ్చే సంఖ్య 256తో శేషం లేకుండా భాగింపబడాలి.
4. పరిధుల వివరణలో ఉన్న గరిష్ఠ కిలోహెర్ట్జ్, హెర్ట్జ్‌లు మానిటర్ పుస్తకంతో సరిపోవాలి.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా ప్రోగ్రాము ఇప్పుడు ఏ మార్పూ చేయదు. "తీగ చూడండి" అని తెలుగులో రాసి ఆగిపోతుంది. పట్టిక లేని తెర మీద ఊహతో మోడ్ మార్చడం కంటే చిన్న అక్షరాలతోనే కాటా నడవడం మేలు.

ఇప్పటివరకు లెక్క: మానిటర్ ఒప్పుకున్నవి 70 నుంచి 46కు తగ్గాయి, జల్లెడ చివర మిగిలినవి 4. ఖర్చు: వీజీఏ తీగ 350 రూపాయలు.

దశ 3: వెనక్కి తిప్పేది ఎవరు

మార్పు చేసి, "ఇది ఉంచాలా" అని అడిగి, 15 సెకన్లలో జవాబు రాకపోతే పాత మోడ్‌కు పోవడం విండోస్ సెట్టింగుల్లో అందరూ చూసిన పద్ధతే. అదే పద్ధతిని తూకం కిటికీ (ప్రోగ్రాము విండో) లోపలే టైమరు పెట్టి రాస్తే అది నిలవలేదు.

తూకం యంత్రం సీరియల్ తీగ ద్వారా బరువు పంపుతుంది. దాన్ని చదివే భాగం, టైమరు ఒకే థ్రెడ్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా నడిచే పనుల వరుసలో) ఉన్నాయి. కాటా మీద బండి లేనప్పుడు చదివే భాగం బరువు కోసం ఎదురుచూస్తూ నిలిచిపోతుంది, దానితోపాటు 15 సెకన్ల లెక్క కూడా నిలిచిపోతుంది. తెర నల్లగా ఉంది, వెనక్కి తిప్పవలసిన ప్రోగ్రాము బండి కోసం చూస్తోంది. ఆటల ప్రోగ్రాములు వాడే సీడీఎస్ ఫుల్‌స్క్రీన్ జెండా కూడా ఇక్కడ ఆదుకోలేదు. ప్రోగ్రాము ముగిసిపోతే విండోస్ పాత మోడ్ తెస్తుంది కానీ, ఇక్కడ ప్రోగ్రాము ముగియలేదు, కదలకుండా ఉంది.

అందుకని వెనక్కి తిప్పే పనిని వేరే ప్రోగ్రాముకు అప్పగించాను. దాన్ని కాపలా ప్రోగ్రాము అంటున్నాను. దానికి కిటికీ లేదు, సీరియల్ తీగతో పని లేదు, ఇంటర్నెట్‌తో పని లేదు. అది ఎంత చిన్నదిగా ఉంటే అంత నమ్మకం. క్రమం ఇది.

1. కాపలా ముందుగా మొదలవుతుంది. రెండు తెరల ప్రస్తుత మోడ్‌లను, వాటి స్థానాలను తానే చదివి ఫైలులో రాస్తుంది. ఆ రాత డిస్కుకు చేరిందని రూఢి చేసుకుంటుంది.
2. "సిద్ధం" అని సంకేతం ఇస్తుంది. ఆ సంకేతం రాకపోతే మోడ్ మార్చే అసలు ప్రోగ్రాము తెరను ముట్టుకోదు.
3. అసలు ప్రోగ్రాము సీడీఎస్ టెస్ట్‌తో అడిగి, 0 వస్తేనే, జెండా ఏదీ లేకుండా మారుస్తుంది. ఈ మార్పు రిజిస్ట్రీలోకి పోదు.
4. కాపలా సెకన్లు లెక్కపెడుతుంది.
5. "సరే" అందితే అదే మోడ్‌ను సీడీఎస్ అప్‌డేట్‌రిజిస్ట్రీతో రాస్తారు, కాపలా ముగుస్తుంది.
6. "సరే" అందకపోతే కాపలా పాత మోడ్ పెట్టి, తిరిగి చదివి, ఫలితాన్ని లాగ్‌లో రాస్తుంది.

మూడో మెట్టు దగ్గర రిజిస్ట్రీలో రాయకపోవడమే ఈ ఏర్పాటుకు ప్రాణం. మార్పు మధ్యలో కరెంటు పోయినా, ఎవరైనా విసుగుతో యంత్రం ఆపేసినా, మళ్ళీ స్టార్ట్ కాగానే పాత మోడే వస్తుంది.

సెకన్లను గోడ గడియారంతో లెక్కించకూడదు. ఈ యంత్రంలో బోర్డు బ్యాటరీ బలహీనం, ఇంటర్నెట్ తగలగానే గడియారం ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఆ దూకుడు లెక్క మధ్యలో పడితే గుమస్తా గారు చేయి కదపకముందే గడువు తీరిపోతుంది. యంత్రం స్టార్ట్ అయినప్పటి నుంచి మిల్లీసెకన్లు చెప్పే గెట్‌టిక్‌కౌంట్64 వాడితే ఈ ఇబ్బంది లేదు.

గడువు ఎంత ఉండాలన్నది కొలిచి నిర్ణయించాను. ఫోన్‌తో వీడియో తీసి, తెర నల్లబడిన ఫ్రేము నుంచి బొమ్మ నిలకడగా వచ్చిన ఫ్రేము దాకా లెక్కించాను. లోపలి మానిటర్‌కు సుమారు 2 సెకన్లు, బయటి టీవీకి సుమారు 5 నుంచి 6 సెకన్లు పట్టింది. టీవీ విషయంలో 15 సెకన్లలో మూడోవంతు దాటి చీకట్లోనే పోతుంది, ఆపైన గుమస్తా గారు కుర్చీ నుంచి లేచి గుమ్మం దాకా వెళ్ళి చూడాలి. అందుచేత మానిటర్‌కు 20 సెకన్లు, టీవీకి 45 సెకన్లు పెట్టాను.

"సరే" చెప్పే తీరును కూడా మార్చవలసి వచ్చింది. మొదట ఎంటర్ నొక్కితే చాలు అన్నట్టు రాశాను. అయితే తూకం ప్రోగ్రాములో వరుసగా ఎంటర్ నొక్కడం గుమస్తా గారికి చేతి అలవాటు, నల్ల తెరకు కూడా ఆ వేలు "సరే" అనేస్తుంది. ఇప్పుడు కొత్త మోడ్ రాగానే తెర నాలుగు మూలల్లో నాలుగు అంకెలు, ఒక్కో మూలకు ఒకటి, వస్తాయి. ఎడమ పై మూల నుంచి గడియారం తిరిగే దిశలో ఆ నాలుగూ కొడితేనే అది "సరే". అంకెలు ప్రతిసారీ మారతాయి. చూడనిదే కొట్టలేరు. టీవీ అంచులు కోసేస్తే మూల అంకెలే పోతాయి కనుక ఆ లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. నిజంగానే టీవీలో 1280×720 పెట్టినప్పుడు కింది రెండు అంకెలు సగానికి తెగాయి. టీవీ మెనూలో బొమ్మ కొలతను "జస్ట్ స్కాన్"కు మార్చాక నాలుగూ పూర్తిగా వచ్చాయి.

ఇప్పటివరకు లెక్క: కంటితో ఖాయమైనవి మానిటర్‌కు 3, టీవీకి 2. ఖర్చు 350 రూపాయలే.

దశ 4: 60 అడిగితే 59

ఇది చిన్న దశ. టీవీకి 1280×720, 60 హెర్ట్జ్ పెట్టమంటే 0 వచ్చింది, బొమ్మ వచ్చింది, కానీ తిరిగి చదివితే 59 అని ఉంది. అడిగినదీ వచ్చినదీ వేరైతే విఫలమని భావించే నిబంధన వల్ల కాపలా బాగున్న బొమ్మను కూడా వెనక్కి తిప్పేసింది.

అమెరికా రంగుల టీవీ ప్రమాణం నుంచి వచ్చిన 60ని 1.001తో భాగించిన రేటు, అంటే 59.94, ఇప్పటి టీవీల్లో కూడా ఉంది. డెవ్‌మోడ్‌లో రిఫ్రెష్ రేటు పూర్ణాంకం కాబట్టి 59.94ను 59గా చూపుతుంది. మన దేశపు టీవీ కావడంతో జాబితాలో 50 కూడా ఉంది. 59, 60 మధ్య తేడాను ఒప్పుకోవాలని, 50ను మాత్రం వేరుగా చూడాలని నిబంధన మార్చాను. ఖచ్చితమైన విలువ కావాలంటే విండోస్ 7 నుంచి ఉన్న క్వెరీడిస్‌ప్లేకాన్ఫిగ్ వాడాలి. అది రేటును లవం, హారంగా ఇస్తుంది కనుక 60000/1001 అన్నది స్పష్టంగా కనిపిస్తుంది. లాగ్‌లో ఇప్పుడు ఆ భిన్నాన్నే రాస్తున్నాను.

దశ 5: కరెంటు పోయి వచ్చాక

యంత్రానికి యూపీఎస్ ఉంది, టీవీకి లేదు. కరెంటు పోగానే టీవీ జాబితా నుంచి మాయమవుతుంది. హెచ్‌డీఎంఐలో 19వ పిన్ను అవతల తెర ఉందో లేదో చెబుతుంది. అది పడిపోగానే విండోస్ టీవీ తెరను తీసేసి దాని కిటికీలన్నీ లోపలి మానిటర్ మీదకు తెస్తుంది. కరెంటు వచ్చాక టీవీ తిరిగి చేరుతుంది, కానీ డిస్‌ప్లే 1, డిస్‌ప్లే 2 అనే పేర్లు అదే క్రమంలో ఉంటాయన్న హామీ లేదు. ఒకసారి టీవీకి ఉద్దేశించిన మోడ్ లోపలి మానిటర్‌కు పోయింది. అది మానిటర్ కూడా ఒప్పుకునే మోడ్ కావడంతో చీకటి కాలేదు.

చేసిన మార్పులు ఇవి.

1. తెరను డిస్‌ప్లే సంఖ్యతో కాకుండా ఈడీఐడీలోని తయారీదారు గుర్తు, నమూనా సంఖ్యలతో గుర్తించాలి. ఇవి 8 నుంచి 11 దాకా ఉన్న బైట్లలో ఉంటాయి. లెక్క సున్నా నుంచి. 12 నుంచి 15 దాకా సీరియల్ సంఖ్యకు చోటు ఉంది కానీ, చాలా టీవీల్లో అక్కడ అసలు సంఖ్య ఉండదు, దాని మీద ఆధారపడకూడదు.
2. తెరల అమరిక మారిందని డబ్ల్యూఎం డిస్‌ప్లేచేంజ్ సందేశం వచ్చిన వెంటనే పని మొదలుపెట్టకూడదు. కరెంటు వచ్చినప్పుడు ఈ సందేశాలు గుంపుగా వస్తాయి. చివరి సందేశం తర్వాత 3 సెకన్లు నిశ్శబ్దం ఉన్నాకే జాబితా చదవాలి.
3. ఆ తెరకు అంతకుముందు మనిషి ఖాయం చేసిన మోడ్‌నే తనంతట తాను పెట్టవచ్చు. కొత్త తెర అయితే ఏమీ మార్చకూడదు.
4. తూకం కిటికీ పాత నిరూపకాల దగ్గర కాకుండా, ఇప్పుడు ఉన్న తెర హద్దుల లోపల తెరుచుకోవాలి. మానిటర్ 1920 నుంచి 1280కి తగ్గితే పక్కన ఉన్న టీవీ ఆరంభ స్థానం కూడా జరుగుతుంది. కాపలా ఫైలులో స్థానాలు రాయమన్నది ఇందుకే.

హెచ్‌డీఎంఐ తీగ కూడా మార్చవలసి వచ్చింది. పాత పొడవాటి తీగతో 1920×1080లో చుక్కలు పడేవి, 1280×720లో పడేవి కావు. మొదటిదానికి పిక్సెల్ క్లాకు 148.5 మెగాహెర్ట్జ్, రెండోదానికి సరిగ్గా సగం, 74.25. తీగ నాసిరకమైతే ఎక్కువ క్లాకు దగ్గరే ముందు బయటపడుతుంది. కొత్త 10 మీటర్ల తీగతో రెండూ శుభ్రంగా వచ్చాయి. అయినా డ్రైవరు దూరం నుంచి చూసేది ఐదారు పెద్ద అంకెలే కనుక 1280×720నే ఉంచాను.

ఇప్పటివరకు లెక్క: ఖాయమైన మోడ్‌లు మానిటర్‌కు 3, టీవీకి 3. ఖర్చు: 350 + హెచ్‌డీఎంఐ తీగ 1,100 = 1,450 రూపాయలు.

దశ 6: బస్తాల లెక్క యంత్రం, సీఆర్‌టీ తెర

వెనుక గదిలో లినక్స్ యంత్రానికి 15 అంగుళాల పాత సీఆర్‌టీ (గాజు గొట్టపు తెర) ఇంకా నడుస్తోంది. దీని దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. ఎల్‌సీడీ తనకు చేతకాని సంకేతం వస్తే సందేశం చూపి ఊరుకుంటుంది. రక్షణ సర్క్యూటు లేని పాత సీఆర్‌టీకి హద్దు దాటిన గీతల వేగం పంపితే లోపలి భాగాలు వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. "మార్చి చూసి వెనక్కి తిప్పుదాం" అనే పద్ధతి ఇక్కడ చెల్లదు. మార్చక ముందే లెక్క పూర్తి కావాలి.

తెర వెనుక పట్టీ మీద 30 నుంచి 54 కిలోహెర్ట్జ్ అని ఉంది. పిక్సెల్ క్లాకును గీత మొత్తం పొడవుతో భాగించి చూసినవి ఇవి.

1. 800×600, 75 హెర్ట్జ్: 49.5 మెగాహెర్ట్జ్ ÷ 1056 = 46.9 కిలోహెర్ట్జ్. లోపలే ఉంది.
2. 800×600, 85 హెర్ట్జ్: 56.25 ÷ 1048 = 53.7. హద్దు అంచున ఉంది, వద్దనుకున్నాను.
3. 1024×768, 60 హెర్ట్జ్: 65 ÷ 1344 = 48.4. లోపలే ఉంది, కానీ ఈ తెర మీద 60 దగ్గర కళ్ళకు మిణుకు తెలుస్తుంది.
4. 1024×768, 75 హెర్ట్జ్: 78.75 ÷ 1312 = 60.0. హద్దు దాటింది, నిషేధం.

మొదటిదాన్ని తీసుకున్నాను. లినక్స్‌లో తెర మోడ్‌లు మార్చే ఎక్స్‌ర్యాండర్ ఆదేశంతో మార్పు జరుగుతుంది. దాని జాబితాలో నక్షత్రం గుర్తు ప్రస్తుత రేటును, కూడిక గుర్తు తెర ఇష్టపడే రేటును తెలుపుతాయి. ఎక్స్‌ర్యాండర్‌తో కొత్త మోడ్‌లు సృష్టించి చేర్చే వీలు ఉన్నా, ఆ వెసులుబాటును ఇక్కడి స్క్రిప్టులో పెట్టలేదు. ఈ యంత్రం వేలాండ్‌కు (లినక్స్‌లో తెరను నడిపే మరో పద్ధతికి) మారితే ఎక్స్‌ర్యాండర్ అసలు తెర మోడ్‌ను మార్చజాలదు కనుక, ఏ పద్ధతిలో నడుస్తోందో స్క్రిప్టు ముందే చూసి, వేలాండ్ అయితే ఆగిపోతుంది.

దశ 7: కాటా గది గోడకు అంటించిన కాగితం

ఇంత చేసినా తెర నల్లబడితే గుమస్తా గారు చేయవలసినవి పెద్ద అక్షరాలతో రాసి కుర్చీ ఎదుట అంటించాను.

1. ఏమీ నొక్కకుండా 45 సెకన్లు ఆగండి. తెర దానంతట అదే తిరిగి వస్తుంది.
2. రాకపోతే తీగ రెండు చివరలా గట్టిగా ఉందేమో చూడండి, మానిటర్ ఆపి వెలిగించండి.
3. అప్పటికీ రాకపోతే యంత్రాన్ని మళ్ళీ స్టార్ట్ చేయండి. ఖాయం చేయని మార్పు పోయి పాతది వస్తుంది.
4. అదీ కుదరకపోతే విండోస్ స్టార్టప్ సెట్టింగుల్లో 3వది, తక్కువ రిజల్యూషన్ వీడియో, ఎంచుకోండి.
5. తూకం మాత్రం ఆపకండి. కాటా మీటరు మీది అంకెలను పుస్తకంలో రాసి, తర్వాత ఎక్కించండి.

ప్రస్తుత అమరిక: మానిటర్ 1280×720, 60 హెర్ట్జ్, తూకం మూసినప్పుడు 1920×1080, 60 హెర్ట్జ్. టీవీ 1280×720, 60000/1001. సీఆర్‌టీ 800×600, 75 హెర్ట్జ్. మొత్తం ఖర్చు 1,450 రూపాయలు. సార్వా (మొదటి పంట) కోతలు మొదలయ్యేలోపు టీవీకి కూడా చిన్న యూపీఎస్ పెట్టి, దశ 5లోని 3 సెకన్ల నిరీక్షణను మళ్ళీ కొలవవలసి ఉంది.